కరెంటు కంపెనీకి జవాబు

అయ్యా,
మీ ఉత్తరం అందింది.
ఇకమీదట బిల్లు కాగితం మీద రాదట,
ఫోనులో చూసుకోవాలట.
అడుగున ఆకుపచ్చ అక్షరాలు:
"ఒక చెట్టును కాపాడండి."
ఏ చెట్టో కాస్త చెబుతారా?

నా పేరు ఓజెల్లా టాలివర్.
అలబామాలో, ఎర్రమట్టి దారి ఆగిపోయే చోట
డెబ్బై ఆరు ఎకరాల పైన్ అడవి నాది.
నాది అన్నానా, తప్పు.
మా తాత రూఫస్‌ది, ఆయన తొమ్మిది మంది పిల్లలది,
వాళ్లకు పుట్టిన మా ముప్పై ఒక్కరిదీ.
మా చెట్లను లెక్కపెట్టొచ్చు గానీ
వాటాలను లెక్కపెట్టలేం.

తాతకు చదువు లేదు.
నేల కొన్నప్పటి దస్తావేజును
పందికొవ్వు డబ్బాలో పెట్టి
నేలపలక కింద దాచాడు.
రాత్రుళ్లు తీసి, తలకిందులుగా పట్టుకొని,
పెదాలు కదుపుతూ కూర్చునేవాడట.
ఒక తెల్ల ఆసామి ఆ నేల తనదన్న రోజున
కోర్టు బల్ల మీద డబ్బా మూత తీశాడు.
జిడ్డు మరకలోంచి ముద్ర కనిపించింది.
అది ఏ చెట్టు కాగితమో,
మమ్మల్ని కాపాడింది మాత్రం అదే.

అడవి దానంతటదే ఉంటుందనుకుంటారు మీరు.
జనవరి చలిలో గునపంతో నేల చీల్చి
ఎకరానికి ఆరు వందల మొక్కలు,
పెన్సిలంత లావువి,
బూటు మడమతో తొక్కి నిలబెట్టాం
నేనూ మా తమ్ముడు క్లీవనూ.
పదిహేనేళ్లకు అవి వెలుగు కోసం
మోచేతులతో పొడుచుకుంటాయి.
అప్పుడు ఒత్తుగా మొలిచిన పత్తిలో పీకినట్టే
వంకరవీ బక్కవీ తీసెయ్యాలి.
ఆ బక్క కర్రతో ఎవడూ ఇల్లు కట్టడు.
కొనేది కాగితం మిల్లు ఒక్కటే.

గాలి ఇటు తిరిగితే
కుళ్లిన గుడ్ల కంపు కొట్టేది ఆ మిల్లు.
మా అమ్మ కిటికీ మూసేది కాదు.
"పన్ను కట్టే వాసన," అనేది.

పోయిన మార్చిలో దాన్ని మూసేశారు.
ఇప్పుడు టన్నుకు వచ్చేది లారీ డీజిలుకు చాలదు.
కర్ర కొట్టే డెల్మాస్ యంత్రం అమ్మేసి
కోళ్ల ఫారంలో పనికి కుదిరాడు.
ఎడంగా ఉండాల్సిన చెట్లు
ఊపిరాడక నిలబడ్డాయి.
మొన్న ఒకదాని బెరడు మీద
పేలాల్లాంటి జిగురు చుక్కలు చూశాను.
తొలిచే పురుగు వచ్చేసింది.
కౌజు పిట్ట కూత విని రెండేళ్లయింది,
గడ్డి మొలవని చీకట్లో దానికేం పని?

నిరుడు ఒకాయన వచ్చాడు, మర్యాదస్తుడే,
గడపలో బురద బూట్లు విప్పాడు కూడా.
నూట నలభై ఇళ్లు వేస్తాడట.
చెట్లు కొట్టాక వీధులకు
చెట్ల పేర్లే పెడతాడట.
డెట్రాయిట్ నుంచి పిన్ని కొడుకు ఫోను చేశాడు:
"అమ్మేద్దాం ఓజీ, నువ్వు మాత్రం ఎన్నాళ్లు?"

కాగితం తగలేయమని నేననడం లేదు.
మిల్లు కింద వాగులో చేపలు
తెల్లటి పొట్టలు పైకెత్తి తేలిన ఏడు నాకు తెలుసు.
పక్క కౌంటీలో కొండంతా నరికి
ఒక్క మొక్కయినా నాటకుండా పోయినవాళ్లనూ చూశాను.
నేనడిగేది చిన్న సంగతి:
కొనేవాడుంటే నాటేదాన్ని నేను.
మీరు కాపాడిన ఆ చెట్టు
ఎవరి నేలలో ఉంది, దాని పన్ను ఎవరు కడుతున్నారు?

ఒక వకీలమ్మ దారి చూపింది.
ముప్పై ఒక్క సంతకాలూ ఒకచోట పడితే
నేల ముక్కలు కాకుండా నిలుస్తుందట.
పంతొమ్మిది వచ్చాయి, పోస్టులో, ఒకటి కాఫీ మరకతో.
తాత డబ్బాలోనే పెట్టాను.
ఇంకా పన్నెండు.

ఈ నెల బిల్లు ఎనభై రెండు డాలర్లన్నారు, కడతాను.
మీ ఉత్తరం వెనకవైపు ఖాళీగా ఉంటే
ఇదంతా అక్కడే రాశాను.
చోటు అయిపోయింది.
వచ్చే నెల బిల్లు కాగితం మీద పంపండి,
చెప్పాల్సింది ఇంకా ఉంది.